ఈ సంతకం ఎవరి కోసం?
పని తేలిక చేసే ఉపాయం పనిచేసే వారి దగ్గరే.. ఆన్‌లైన్‌లో అడుగుతున్న సంస్థలు.. జవాబు చెప్పడంలోనే అసలు పరీక్ష

చెన్నై: సాయంత్రమైతే సెంట్రల్ పక్కన మూర్‌మార్కెట్ సబర్బన్ స్టేషన్‌లో ఒకటే హడావుడి. సూళ్ళూరుపేట వైపు వెళ్ళే బండి కోసం పరుగులు. పొద్దున్నే గుమ్మిడిపూండి దాటి వచ్చి, పొద్దుపోయాక తిరిగి వెళ్ళే తెలుగువారు అందులో ఎందరో. ఆ బండి తప్పితే ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతారు. బండి ఎందుకు తప్పిందని అడిగి చూడండి. పని ఎక్కువై అని కొందరు చెబుతారు. ‘బిల్లు మీద మూడో సంతకం కోసం కూర్చోవాల్సి వచ్చింది’ అని చెప్పేవారూ ఉంటారు. ఆ మూడో సంతకం ఎందుకని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఎప్పుడో ఎవరో పెట్టారు. అలా నడిచిపోతోంది, అంతే.

ఇలాంటి అనవసరపు తతంగం ఎక్కడుందో పైఅధికారికి కనిపించదు. రోజూ అనుభవించే గుమాస్తాకు తెలుస్తుంది, స్టోర్స్‌లో లెక్క రాసే కుర్రాడికి తెలుస్తుంది. వారి నోట ఆ మాట చెప్పించేందుకే చాలా సంస్థలు ఆన్‌లైన్‌లో సలహాల వేదికలు పెట్టాయి. లాగిన్ అయి ‘ఇది తీసేయండి’, ‘ఈ రెండు ఫారాలు ఒకటి చేయండి’ అని రాస్తే చాలు. మిగతా ఉద్యోగులు చూసి తమ మాట జోడిస్తారు, ఓటేస్తారు. సలహా ఎవరి బల్ల మీదుందో, ఏ దశలో ఉందో తెరమీదే కనిపిస్తుంది.

పెట్టె పోయి తెర వచ్చింది

ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో ఫొటో ఫిల్ములు తయారుచేసే కొడాక్ సంస్థ 1898 లోనే సలహాలకు బహుమతి ఇచ్చింది. పనిచేసే చోట కిటికీలు కడిగితే వెలుతురు బాగా వస్తుందని చెప్పిన కార్మికుడికి రెండు డాలర్లు ముట్టజెప్పింది. జపాన్‌లో టయోటా 1951 లో సలహాల పథకం మొదలెట్టింది. అంతకుముందు ఏడాది అమెరికా వెళ్ళి ఫోర్డు కంపెనీలో ఇలాంటి పద్ధతి చూసి వచ్చారు ఆ సంస్థ పెద్దలు. చూసింది ఫోర్డులోనే అయినా, దాన్ని ప్రతి కార్మికుడి రోజువారీ పనిలో భాగం చేసింది టయోటా.

మన చెన్నైకీ ఇందులో పేరుంది. పాడిలోని సుందరం క్లేటన్ బ్రేకుల విభాగం 1998 లో జపాన్ వారి డెమింగ్ బహుమతి గెలుచుకుంది. భారతదేశంలో ఆ బహుమతి అందుకున్న తొలి సంస్థ అదే. నాణ్యత అంటే ఇన్‌స్పెక్టర్ పని కాదు, మెషీన్ ముందు నిలబడ్డ ప్రతివారి పని అని నమ్మి, కార్మికుల సలహాలకు పెద్దపీట వేసిన ఫలితమది. అప్పట్లో కాగితం మీద రాసి ఇచ్చేవారు. ఇప్పుడు ఫోన్‌లో రాస్తున్నారు. తేడా అంతే!

తెలుగు మూలాలున్న కథ

ఓఎంఆర్ మీద కాగ్నిజెంట్ బోర్డు చూడని చెన్నైవాసి ఉండరు. 1994 లో ఆ సంస్థ పురుడు పోసుకున్నది ఈ నగరంలోనే. అమెరికాకు చెందిన డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్, హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ కలిసి పెట్టిన ఉమ్మడి సంస్థ అది. తొలినాళ్ళలో పగ్గాలు పట్టింది తెలుగువాడైన చింతలపాటి శ్రీనివాసరాజు. 1996 లో కాగ్నిజెంట్ అన్న పేరు వచ్చింది. ఆ సంస్థ 2023 లో ‘బ్లూబోల్ట్’ పేరిట ఉద్యోగుల ఆలోచనలు సేకరించడం మొదలెట్టింది. మొదటి ఏడాదే లక్షకు పైగా వచ్చాయి. చెప్పడానికి జనం దగ్గర ఏమీ లేదనుకునే పెద్దలకు ఆ లెక్కే సమాధానం.

టిక్కెట్టు ఎవరు మూయాలి?

చెన్నైలో పెద్ద క్యాంపస్‌లున్న హెచ్‌సీఎల్ టెక్నాలజీస్‌లో జరిగింది మరింత ఆసక్తికరం. 2005 లో వినీత్ నాయర్ ఆ సంస్థ పగ్గాలు చేపట్టాక ‘ముందు ఉద్యోగి, తర్వాతే ఖాతాదారు’ అన్న నినాదం తెచ్చారు. జీతం లెక్క, సెలవు, రవాణా.. దేని మీదైనా ఉద్యోగి ఆన్‌లైన్‌లో టిక్కెట్టు తెరవొచ్చు. ఇక్కడే ఉంది కిటుకు. పని అయిపోయిందని ఆ విభాగం తనంతట తాను చేతులు దులుపుకోవడానికి లేదు. తెరిచిన ఉద్యోగి తృప్తి పడి మూస్తేనే టిక్కెట్టు మూసినట్టు. ‘యు అండ్ ఐ’ పేరుతో పైవారిని నేరుగా ప్రశ్నించే వేదికా పెట్టారు. ప్రశ్న, జవాబు అందరికీ కనిపించేవి.

ఈ ఒక్క నియమంతో లెక్క తిరగబడింది. మామూలుగా ఫిర్యాదు చేసినవాడు విభాగం చుట్టూ తిరగాలి. ఇక్కడ విభాగమే ఉద్యోగి చుట్టూ తిరగాలి. సాఫ్ట్‌వేర్ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇలాంటి నియమం పెట్టుకోవడానికే గుండె కావాలి.

రైల్వే కూడా అడిగింది

ప్రైవేటు వారికేనా ఈ ముచ్చట? కాదు. 2016 నవంబరులో హర్యానాలోని సూరజ్‌కుండ్‌లో జరిగిన ‘రైల్ వికాస్ శిబిర్’కు ముందు రైల్వే తన సిబ్బందిని సలహాలు అడిగింది. లక్షకు పైగా వచ్చిపడ్డాయి. 2018 సెప్టెంబరులో ప్రత్యేక పోర్టల్ పెట్టింది. 2019 డిసెంబరు దాకా రెండున్నర వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. వాటిలోంచి 20 కొత్త ఉపాయాలను అమలు చేయాలని 2020 లో నిర్ణయించింది. కరెంటు లేకుండా నీళ్ళు చల్లబరిచే కూలర్ అందులో ఒకటి.

సూళ్ళూరుపేట, నాయుడుపేట స్టేషన్లు దక్షిణ రైల్వే చెన్నై డివిజన్‌లోవే. మన వాళ్ళెందరో ఆ డివిజన్‌లో పనిచేస్తున్నారు కనుక ఈ లెక్క మనకూ పడుతుంది. వందకు ఒక్కటి కూడా ఎంపిక కాలేదంటే అది తప్పేం కాదు. అన్నీ అమలు చేయడం ఎవరి వల్లా కాదు. అయితే మిగిలిన వారికి ‘మీ సలహా చూశాం, ఫలానా కారణంతో కుదరలేదు’ అన్న మాట అందాలి. అది అందకపోతే మరోసారి అడిగినప్పుడు ఒక్కరూ నోరు విప్పరు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎవరికి సరదా?

పది నిమిషాల ఖరీదు

ఒక చిన్న లెక్క వేద్దాం. వందమంది పనిచేసే ఆఫీసులో ఒక్కొక్కరికీ రోజుకు పది నిమిషాలు అనవసరపు ఫారానికి పోతోంది అనుకోండి. ఏడాదికి 250 పనిదినాలు. మొత్తం రెండున్నర లక్షల నిమిషాలు.. అంటే నాలుగు వేల గంటలకు పైనే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే, ఇద్దరు ఉద్యోగుల ఏడాది శ్రమ ఆ ఫారం మింగేసినట్టే.

మరి చెప్పడానికి జంకెందుకు? కారణాలున్నాయి. ఆ మూడో సంతకం పెట్టేది తన పైఅధికారే అయితే? పేరు కనిపించదని చెప్పినా, లాగిన్ తన ఉద్యోగి నంబరుతోనే కదా! అయిదుగురున్న సెక్షన్‌లో ఎవరు రాశారో పసిగట్టడం ఎంతసేపు? ఇంకో భయం మరీ లోతైనది. ‘ఈ పని తేలికైతే నా పని ఉంటుందా?’ అన్నది. సలహా వల్ల ఎవరి కొలువూ పోదని యాజమాన్యం ముందే రాతపూర్వకంగా చెప్పకపోతే, వచ్చేవన్నీ క్యాంటీన్ కాఫీ మీద సలహాలే.

శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీల్లోనూ, సరిహద్దు అవతల శ్రీసిటీలోనూ కాంట్రాక్టు కార్మికులు ఎక్కువ. కంపెనీ మెయిల్ ఐడీ లేనివారికి ఈ వేదిక తలుపే తెరుచుకోదు. ఐడీ ఉన్నా అంతా ఇంగ్లిషే అయితే సగం మాట గొంతులోనే ఆగిపోతుంది. తెలుగులోనో తమిళంలోనో రాయనిస్తే, నోటితో చెప్పి రికార్డు చేయనిస్తే పనికొచ్చే సలహా వచ్చేది వారి దగ్గర్నుంచే. రోజంతా ఆ పని చేతులతో చేసేది వాళ్ళే మరి.

సలహా ఇచ్చే ముందు..

* ‘పద్ధతి బాగాలేదు’ అని రాయకండి. ఏ ఫారం, ఏ సంతకం, ఎంత సమయం పోతోందో రాయండి.
* తీసేస్తే ఎవరికి ఇబ్బందో మీరే ముందు ఆలోచించండి. ఆడిట్‌కో, చట్టానికో అవసరమైన కాగితం కావచ్చు.
* మనుషుల మీద కాదు, పని మీద రాయండి.
* అదే సలహా ఇంకొకరు ఇచ్చి ఉంటే కొత్తది తెరవకుండా దానికే మీ అనుభవం చేర్చండి.

అడిగేవారు గుర్తుంచుకోవాల్సినవి..

* ‘ఏం మెరుగుపరచాలి?’ అని కాదు, ‘ఏ పని మానేద్దాం?’ అని అడగండి.
* ప్రతి సలహాకూ గడువులోగా జవాబు చెప్పే మనిషిని పెట్టండి.
* ఓట్లను మాత్రమే నమ్మకండి. ముందు వచ్చినవాటికే ఓట్లు ఎక్కువ పడుతుంటాయి. రాత్రి షిఫ్టు వారి సమస్యకు ఓటేసేవారు తక్కువ.
* మొదటి నెలలోనే ఒక్క ఫారమైనా తీసేసి చూపండి.

ఆ చివరి మాటే అన్నింటికన్నా ముఖ్యం. పనికిరాని సంతకం ఒక్కటి పోయిందని తెలిస్తే, రెండోది ఏదో చెప్పడానికి పదిమంది ముందుకొస్తారు. సూళ్ళూరుపేట బండికి ఆ సాయంత్రం ఇంకొందరు వేళకు చేరుకుంటారు.