కాలి మీద తెల్ల గీత ఎందుకు పడుతుంది?

డిసెంబరు వచ్చిందంటే మన హాస్టల్లో ఒక ఆట మొదలవుతుంది. ప్రేయరు లైనులో నిలబడి గోరుతో కాలి మీద గీస్తే, పలక మీద బలపంతో గీసినట్టు తెల్లగా గీత పడుతుంది. ఆరో తరగతి పిల్లలైతే పేర్లు, ఎక్కాలు కూడా రాసేసుకుంటున్నారు. సరదాగానే ఉంటుంది గానీ ఆ గీత ఏమిటో తెలిస్తే నవ్వు కాస్త తగ్గుతుంది.

మన చర్మంలో అన్నిటికన్నా పైనుండే పొర చచ్చిపోయిన కణాలతో తయారైంది. ఒంటి మీద చాలాచోట్ల దాని మందం సుమారు 0.02 మిల్లీమీటర్లు, అంటే నోటుబుక్కు కాయితం కన్నా పల్చన. అయినా ఒంట్లో నీరు బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా కాపలా కాసేది అదే. పీటర్ ఎలియాస్ అనే అమెరికా చర్మవైద్యుడు దీన్ని ఇటుకల గోడతో పోల్చాడు. కణాలు ఇటుకలైతే, వాటి మధ్యనుండే కొవ్వు పదార్థాలు అడుసు. మట్టిగోడలో అడుసు వానకి కరిగిపోతే ఏమవుతుందో మనం చూసినవాళ్లమే. చర్మానికీ అంతే. అడుసు పోతే లోపలి నీరు ఆవిరైపోతుంది, ఇటుకల అంచులు పైకి లేస్తాయి. ఆ లేచిన పొట్టే మన తెల్ల గీత.

మరి అడుసుని కరిగించేది ఎవరు? కొంత చలిగాలి. మిగతాది మన చేతులే. నెలాఖరుకి ఒంటి సబ్బు అరిగిపోతే బట్టల సబ్బుతోనే రుద్దేసుకుంటాం. (నేనూ రుద్దుకున్నాను, అబద్ధమెందుకు.) చర్మం పైభాగానికి కొంచెం పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర. సబ్బు క్షారం, 9, 10 దాకా ఉంటుంది. బట్టల సబ్బు చేసిందే జిడ్డు వదలగొట్టడానికి. ఇది చొక్కా జిడ్డు, ఇది చర్మం అడుసు అని అది తేడా చూడదు. దానికి తోడు పొగలు కక్కే నీళ్లు, గరుకు రాయి!

కాబట్టి గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం కానివ్వండి. సబ్బు చంకలకి, గజ్జలకి, పాదాలకి చాలు. తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె పల్చగా రాసుకోవాలి. నూనె కొత్తగా నీరు ఇవ్వదు, ఉన్న నీటిని పోనివ్వదు, అంతే. ఒళ్లంతా ఎండిపోయాక రాస్తే మెరుపు ఎక్కువ, లాభం తక్కువ. ఇంటి నుంచి ఇప్ప నూనె తెచ్చుకునేవాళ్లు సిగ్గుపడి దాచుకోనక్కర్లేదు. చలికి గడ్డకడుతుంది గానీ అరచేతిలో ఇట్టే కరుగుతుంది.

నూనె తిండిలోనూ ఉండాలి. 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకి కొవ్వు లేని తిండి పెట్టి చూస్తే వాటి చర్మం పొలుసులు లేచింది. ఆ అడుసుకి లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కావాలి, శరీరం దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. అరకు కొండల్లో పసుపుపచ్చగా పూసే వలిసెల నూనెలో అది పుష్కలంగా ఉంది.

“నా ముఖం ముసలిదైపోతోందే” అని ఒక స్నేహితురాలు అద్దం ముందు ఏడుపు మొహం పెట్టింది. పొడిబారి వచ్చిన సన్న గీతలైతే పైన చెప్పినట్టు చేస్తే తగ్గిపోతాయి. నిజమైన ముడతలకి పెద్ద కారణం ఎండ. సెలవులకి వెళ్లినప్పుడు మా అమ్మమ్మ చెయ్యి తిప్పి చూశాను. పైవైపు ముడతలు, మచ్చలు. చంక దగ్గర, లోపలివైపు నున్నగా ఉంది. రెండూ ఒకే వయసు చర్మమే! పొలంలోకి వెళ్లేటప్పుడు తలకి గుడ్డ కట్టుకోమనేది అందుకే.

అసలు నేను రాయాలనుకున్నది సంతలో అమ్మే తెల్లబరిచే క్రీముల గురించి. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అని ఉంటే అది స్టీరాయిడ్ మందు. కొద్ది వారాలు ముఖం తేటగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పల్చనై ఎర్ర నరాలు, మొటిమలు బయటపడతాయి, ఎండలోకి వెళితే మంట. గోడకి సున్నం వేస్తున్నామనుకుని గోడనే గీకేస్తున్నామన్నమాట. 2018లో ప్రభుత్వం ఇలాంటి క్రీముల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవాళ్లు దాచకుండా డాక్టరుకి చూపించండి. ఒక్కసారిగా మానేసినా ముఖం మండిపోవచ్చు.

ఇంకో మాట. వేళ్ల సందుల్లో, నడుం దగ్గర రాత్రిపూట ఎక్కువగా దురద పెడితే అది పొడి చర్మం కాకపోవచ్చు, గజ్జి కావచ్చు. దానికి కారణం కంటికి సరిగా కనబడని పురుగు. నూనెతో పోదు. ఒక్కరే మందు రాసుకున్నా పోదు. ఆ గదిలో అందరూ ఒకేసారి రాసుకుని, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. నర్సమ్మ గారికి చెప్పడానికి మొహమాటపడకండి.

వార్డెన్ గారికి మనవి: ఈ చలి నెలల్లో ఒంటి సబ్బు నెలాఖరు దాకా సరిపోయేలా, గదికొక కొబ్బరి నూనె సీసా అదనంగా ఇప్పించగలరు. బట్టల సబ్బు బట్టలకే వాడే బాధ్యత మాది.