పేర్లు తొమ్మిది, వెబ్‌సైటు ఒకటి

ఈ పాఠం చదివిన తరువాత మీరు డొమైన్ పేరుకూ, హోస్టింగుకూ, వెబ్‌సైటుకూ గల తేడా చెప్పగలుగుతారు. ఒకే యజమాని దగ్గర అనేక పేర్లు ఉన్నప్పుడు దేనికి వెబ్‌సైటు కట్టాలో, దేన్ని వదిలివేయాలో లెక్క వేసి తేల్చుకోగలుగుతారు. పక్కన ఒక నోటుబుక్కు, పెన్ను పెట్టుకోండి. మధ్యలో కూడికలు చేయవలసి వస్తుంది.

ప్రస్తావన

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ పేరు మీరు వినే ఉంటారు. అక్కడి ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ ఊరికి ఒక తమాషా ఉంది. కర్మాగారం కట్టినచోట ఉన్న పల్లె పేరు సాక్చి. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్, జంషెడ్‌జీ టాటా గౌరవార్థం ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలిమాటి అనే రైల్వే స్టేషను టాటానగర్ అయింది. చుట్టుపక్కల వారు క్లుప్తంగా ‘టాటా’ అనేస్తారు. అంటే ఊరు ఒకటే, పిలిచే పేర్లు మూడు నాలుగు. ఇంటర్నెట్టులో పేరు కొనబోయేవారికి ఇది చిక్కు తెచ్చిపెడుతుంది.

ఇక్కడ కద్మాలో ఆవకాయ, గోంగూర, పొడులు అమ్మే ఒక తెలుగు గృహిణిని ఊహించుకొందాం. పెళ్ళిళ్ళకు, పూజలకు వంటలు కూడా చేసి పంపుతుంది. ఒక పండుగ రోజు తగ్గింపు ధర చూసి ఆమె కొడుకు తొమ్మిది డొమైన్ పేర్లు తీసుకొన్నాడు. దుకాణం పేరు ఒకటి; అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మరో విధంగా రాసినది ఒకటి; జంషెడ్‌పూర్, పచ్చళ్ళు అనే మాటలు కలిపి డాట్ కామ్ ఒకటి, డాట్ ఇన్ ఒకటి; టాటానగర్‌తో ఒకటి; సాక్చి, బిష్టుపూర్ పేట పేర్లతో చెరొకటి; వంటల సరఫరాకు ఒకటి; చివరగా ‘టాటా’ అనే మాటతో మొదలయ్యేది ఒకటి. ఏడాది తిరిగేసరికి బిల్లు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒక కుర్రవాడు వచ్చి, ‘అమ్మా, తొమ్మిదింటికీ వెబ్‌సైట్లు కట్టిపెడతాను, మొత్తం 45,000 రూపాయలు. ఒక్కొక్కటి 5,000కే పడుతుంది’ అన్నాడు. ఆమె ఒప్పుకోవాలా?

బోర్డు, అద్దె, సరుకు

దుకాణంతో పోల్చి చూద్దాం. డొమైన్ పేరు దుకాణం పైన ఉండే బోర్డు వంటిది. హోస్టింగ్ అంటే మన పుటలను ఉంచడానికి ఒక కంప్యూటరులో తీసుకొనే చోటు. అది దుకాణం గది అద్దె వంటిది. వెబ్‌సైటు లోపల సర్దిన సరుకు. బోర్డు ఉన్నంత మాత్రాన దుకాణం ఉన్నట్లు కాదు. అలాగే ఒకే దుకాణానికి నాలుగు వీధుల వైపు నాలుగు బోర్డులు పెట్టుకోవచ్చు. దాని కోసం నాలుగు దుకాణాలు తెరవనక్కరలేదు.

మరొక ముఖ్య విషయం. ‘డొమైన్ కొన్నాను’ అంటాము గానీ, నిజానికి దాన్ని కౌలుకు తీసుకొంటాము. ఒక్కసారిగా పదేళ్ళకు మించి తీసుకోవడానికి వీలులేదు. గడువు ముగిసేలోగా రుసుము కట్టాలి. అమ్మే సంస్థను రిజిస్ట్రార్ అంటారు. మొదటి ఏడాది చాలా తక్కువ ధర చూపి, రెండో ఏడాది నుండి పూర్తి ధర తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. కాబట్టి కొనే రోజున చూడవలసినది మొదటి ఏడాది ధర కాదు, పునరుద్ధరణ ధర. అది చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చదవండి.

ఇప్పుడు కూడిక

ధరలు సంస్థనుబట్టి మారతాయి. లెక్క అర్థం కావడానికి ఒక్కో పేరుకు ఏడాదికి 1,000 రూపాయలు, హోస్టింగుకు 3,000 రూపాయలు అనుకొందాం. కుర్రవాడు చెప్పిన ప్రకారం మొదటి ఏడాది ఖర్చు ఎంత? పేర్లకు 9,000, హోస్టింగుకు 3,000, కట్టడానికి 45,000. మొత్తం 57,000. ఆ తరువాత ప్రతి ఏడాదీ 12,000.

ఇందులో కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. ఒక్కో వెబ్‌సైటుకు అయిదు పుటలు అనుకొన్నా తొమ్మిదింటికి 45 పుటలు. వాటిలో ఏమి రాయాలి? ఎవరు రాస్తారు? పచ్చడి ధర మారినప్పుడల్లా తొమ్మిది చోట్ల ఎవరు దిద్దుతారు? 5,000 రూపాయలకు కట్టేవాడు వాటిని రాయడు. ఒకే నమూనా తీసుకొని, పైన పేరు మార్చి, కింద ఊరు మార్చి తొమ్మిదిసార్లు అతికిస్తాడు. అతన్ని తప్పుపట్టలేము; ఆ డబ్బుకు అంతే వస్తుంది.

అలా అతికించిన పుటలు వెతికేవారికి కనపడతాయా? గూగుల్ ఇటువంటి వాటిని ‘డోర్‌వే’ పుటలు అంటుంది. ఊరి పేరో, పేట పేరో మాత్రమే మార్చి ఒకే విషయాన్ని అనేక వెబ్‌సైట్లలో పెట్టడం తన నియమాలకు విరుద్ధమని అది స్పష్టంగా చెబుతుంది. అలాంటివి వెతుకులాట ఫలితాల్లో కిందికి పోతాయి, లేదా అసలు కనపడవు. సాక్చికి ఒకటి, బిష్టుపూర్‌కు ఒకటి కట్టిస్తే డబ్బు పోవడమే కాక, అసలు దుకాణం పేరు కూడా వెనుకబడవచ్చు.

ఒక్కో పేరునూ ప్రశ్నించడం

అయితే తొమ్మిది పేర్లనూ ఏమి చేయాలి? ఒక్కొక్క పేరునూ ముందు పెట్టుకొని ఇలా అడగండి: ఈ పేరును నోటితో చెప్పేవారు, సంచీ మీద చూసి టైపు చేసేవారు నిజంగా ఉన్నారా? ఉంటే వారికి కావలసినది మిగతావారికి కావలసినదానికంటే వేరా?

దుకాణం పేరు సీసాల మీద ఉంది, సంచుల మీద ఉంది. కాబట్టి వెబ్‌సైటు దానికే. రెండో విధంగా రాసిన పేరును పొరపాటున టైపు చేసేవారు ఉంటారు. ఉంచుకోవాలి, కానీ వేరే వెబ్‌సైటు వద్దు. ఆ పేరు తెరిచినవారు తిన్నగా అసలు వెబ్‌సైటుకు చేరేలా మళ్ళించాలి. దీన్ని శాశ్వత మళ్ళింపు అంటారు. కంప్యూటరు పనివారు ‘301’ అంటారు. చాలామంది రిజిస్ట్రార్లు ఈ సౌకర్యాన్ని ఉచితంగానే ఇస్తారు. మళ్ళించిన తరువాత ఫోనులో ఆ పేరు టైపు చేసి చూడండి. ‘సురక్షితం కాదు’ అని హెచ్చరిక వస్తే ఆ పేరుకు భద్రతా సర్టిఫికెట్ లేదన్నమాట. దానికోసం డబ్బు ఇవ్వనక్కరలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుండి వీటిని ఉచితంగా ఇస్తున్నది. మీ హోస్టింగ్ సంస్థను అడిగితే అమర్చి పెడుతుంది.

జంషెడ్‌పూర్ డాట్ కామ్ పేరునూ ఇలాగే మళ్ళించవచ్చు. డాట్ ఇన్‌ను వదిలివేయవచ్చు. సాక్చి, బిష్టుపూర్ పేర్లను ఎవరూ టైపు చేయరు; అవీ అంతే. వంటల సరఫరా సంగతి వేరు. పచ్చడి సీసా కొనేవారికి ధర, చిరునామా చాలు. పెళ్ళివారికి ఎంతమందికి వండగలరు, ఏమేమి వండుతారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి కావాలి. చదివేవారు వేరు కాబట్టి దీనికి వేరే వెబ్‌సైటు తగినదే. అయినా తొందర వద్దు. ముందు అసలు వెబ్‌సైటులోనే వంటలకు ఒక పుట పెట్టి, ఆ పేరును నేరుగా ఆ పుటకు మళ్ళించాలి. ఫోన్లు బాగా వస్తున్నాయంటే అప్పుడు విడదీయవచ్చు. హోస్టింగ్ మళ్ళీ కొనకుండా, ఒకే ఖాతాలో రెండు మూడు వెబ్‌సైట్లు ఉంచే సౌకర్యం సాధారణంగా దొరుకుతుంది. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో, 2010 నుండి, ఒకే అమరికతో అనేక వెబ్‌సైట్లు నడపవచ్చు కూడా. కానీ అది పాడైతే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. నకలు తీసి ఇంట్లో పెట్టుకోనివారు ఆ జోలికి పోకపోవడం మంచిది.

ఈ విధంగా నాలుగు పేర్లు మిగిలాయి. లెక్క మళ్ళీ వేయండి. పేర్లకు 4,000, హోస్టింగుకు 3,000. ఒకే ఒక వెబ్‌సైటు శ్రద్ధగా కట్టినందుకు ఆ కుర్రవాడికే 10,000 ఇద్దాం. మొత్తం 17,000. ఆ తరువాత ఏడాదికి 7,000. ఒక్కో వెబ్‌సైటుకు అతడు అడిగినదానికి రెట్టింపు ఇచ్చినా, మొదటి ఏడాదిలోనే 40,000 రూపాయలు మిగిలాయి.

ఇతరుల పేరు ఉన్న పేరు

టాటానగర్, ‘టాటా’ పేర్ల గురించి ఇంకా మాట్లాడుకోలేదు. ఆ ఊరివారికి అది ఊరి పేరు. చట్టం దృష్టిలో అది ఒక వ్యాపార సంస్థ గుర్తు కూడా. 2001లో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఇటువంటి వివాదమే వచ్చింది. టాటా పేరు, ఆ కుటుంబీకుల పేర్లు కలిసిన అనేక డొమైన్ పేర్లను సంస్థతో సంబంధం లేనివారు నమోదు చేసుకొన్నారు. వాటిని వాడకూడదని కోర్టు నిషేధించింది. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీం కోర్టు మరింత స్పష్టంగా చెప్పింది: డొమైన్ పేర్ల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణీ చేయరాదన్న సూత్రం వీటికీ వర్తిస్తుంది. డాట్ కామ్ పేర్ల వివాదాలు తేల్చడానికి 1999 నుండి ఒక అంతర్జాతీయ పద్ధతి, డాట్ ఇన్ పేర్లకు మన దేశంలో మధ్యవర్తి పద్ధతి ఉన్నాయి. ఓడితే పేరు పోతుంది. దాని మీద కట్టిన వెబ్‌సైటుకు పెట్టిన డబ్బు తిరిగి రాదు.

రైల్వే స్టేషను దగ్గర ఉన్నామని వివరంగా రాసుకోవడం వేరు, ఆ మాటనే బోర్డుగా పెట్టుకోవడం వేరు. మన గృహిణి ఆ రెండింటినీ వదిలివేయడమే మేలు. ‘నాకు దురుద్దేశం లేదు’ అని నిరూపించుకోవడానికి వకీలుకు ఇచ్చే ఫీజు ఆవకాయ సీసాల మీద రాదు.

వదిలేముందు, కట్టించేముందు

ఒక పేరును వదలాలంటే ‘ఆటోమేటిక్ పునరుద్ధరణ’ను ఆపివేస్తే చాలు. డాట్ కామ్ అయితే గడువు తీరిన వెంటనే ఇతరులకు పోదు. కొన్ని వారాల పాటు, ఎక్కువ రుసుము కట్టి అయినా, వెనక్కు తెచ్చుకొనే అవకాశం ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త. ఆ పేరుతో ఈ-మెయిలు చిరునామా ఉందా? బ్యాంకుకు, పన్ను శాఖకు అదే చిరునామా ఇచ్చారా? ఇచ్చి ఉంటే ముందు మార్చుకోండి. పేరును రేపు ఇంకొకరు తీసుకొంటే మీకు వచ్చే ఉత్తరాలు వారికి చేరతాయి. చాలామంది ఈ సంగతి ఆలోచించరు.

కట్టించేటప్పుడు పేరు ఎవరి ఖాతాలో ఉంది అన్నది అన్నిటికంటే ముఖ్యం. కట్టేవారు సౌకర్యం కోసం తమ ఖాతాలోనే నమోదు చేసి ఉంచుతారు. మాట తేడా వచ్చిన రోజున బోర్డు వారి చేతిలో ఉంటుంది. నమోదు మీ పేరున, మీ ఫోను నంబరుతో, మీ ఈ-మెయిలుతో ఉండాలి. సంకేతపదం మీ దగ్గర ఉండాలి. ఇది కాగితం మీద రాయించుకొన్న తరువాతనే అడ్వాన్సు ఇవ్వండి.

ఇక వెబ్‌సైటులో ఏమి ఉండాలి? ఫోను నంబరు, దుకాణం తెరిచే వేళలు, వచ్చే దారి, ధరల పట్టిక, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన నమోదు సంఖ్య, స్వయంగా తీసిన నాలుగు ఫొటోలు. తెలుగులోనూ, ఊళ్ళో ఎక్కువమంది చదివే హిందీలోనూ రాయించాలి. ఇవన్నీ రెండు మూడు పుటల్లో సరిపోతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక టైలరు దగ్గర ఆరు డొమైన్ పేర్లు ఉన్నాయి. ఒక్కో పేరుకు ఏడాదికి 900 రూపాయలు, హోస్టింగుకు 2,400 రూపాయలు. రెండు పేర్లు ఉంచి నాలుగు వదిలితే ఏడాదికి ఎంత మిగులుతుంది?

2. అతని పేర్లలో ఒకటి ప్రసిద్ధ బట్టల కంపెనీ పేరుతో మొదలవుతుంది. దానికి వెబ్‌సైటు కట్టించమని మీరు సలహా ఇస్తారా? కారణం రెండు వాక్యాల్లో రాయండి.

3. మీకు తెలిసిన ఒక దుకాణదారును కలిసి, డొమైన్ పేరు ఉంటే అది ఎవరి ఖాతాలో నమోదయిందో, గడువు ఏ తేదీన తీరుతుందో అడిగి నోటుబుక్కులో రాసుకోండి.

(మొదటి ప్రశ్నకు జవాబు: 3,600 రూపాయలు. హోస్టింగు ఖర్చు మారదు.)