రాయి కింద ఇల్లు



హాస్టల్ వెనక నీళ్ళ తొట్టి దగ్గర ఇటుక ఎత్తితే, తోక చివర పట్టకారు ఉన్న చిన్న పురుగు గబగబా పారిపోవడం మీలో కొందరైనా చూసే ఉంటారు. దాన్ని ఇంగ్లీషులో ఇయర్‌విగ్ అంటారు. చెవిలో దూరుతుందని పాశ్చాత్యులకు ఒక అపోహ ఉండేది. అందుకే ఆ పేరు. ఈ పురుగులన్నిటిలోకీ పెద్దది ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు.

నెపోలియన్‌ను 1815లో బందీగా పంపిన సెయింట్ హెలీనా దీవి గుర్తుందా? ఆఫ్రికా తీరానికి దాదాపు 1,900 కి.మీ. దూరంలో, అట్లాంటిక్ సముద్రం మధ్యలో ఉంది. ఆ పురుగు ఇల్లు అదే. 1798లో ఫాబ్రీషియస్ అనే శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు. శాస్త్రీయ నామం లాబిడ్యూరా హెర్క్యులియానా. పట్టకారుతో కలిపి 8.4 సెం.మీ. వరకు పెరిగేది. అంటే మన అరచేతి వెడల్పంత!

దానికి ఎగిరే రెక్కలు లేవు. ఎందుకని? దీవి మీద ఎగిరే పురుగును గాలి సముద్రంలోకి కొట్టుకుపోతుంది. ఎగరనిది బతికి పిల్లల్ని కంటుంది. మదీరా దీవి పెంకుపురుగుల గురించి డార్విన్ చెప్పిన మాట ఇది. పైగా రెక్కలు పెంచడానికి శక్తి ఖర్చవుతుంది. వెంటాడే శత్రువులు తక్కువైన చోట ఆ ఖర్చు దండగ.

కానీ శత్రువులు ఓడల్లో వచ్చారు. ఎలుకలు వచ్చాయి, జెర్రులు వచ్చాయి. అడవి నరికారు. పగలు ఈ పురుగు రాళ్ళ కింద దాక్కొని, రాత్రిపూట బయటికి వచ్చేది. ఇళ్ళ నిర్మాణానికి ఆ రాళ్ళను కూడా ఏరుకుపోయారు. 1967 తర్వాత ప్రాణంతో ఉన్నదాన్ని చూసినట్టు రుజువైన దాఖలా లేదు. 1988లో లండన్ జూ వారు వెతికినా దొరకలేదు. 2014లో అంతరించినట్టు ప్రకటించారు.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కంకర కొట్టిన కూలితోనే నేను ఈ హాస్టల్‌కు ట్రంకుపెట్టెతో వచ్చాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. కాబట్టి రాయి తీసినవాళ్ళను నేను తిట్టలేను. వాళ్ళకూ ఇల్లు కావాలి. అయితే ఆ రాయి కింద ఎవరున్నారో ముందే తెలిసి ఉంటే, కొంత నేలనైనా వదిలిపెట్టేవాళ్ళేమో! తెలుసుకోవడమే చదువు అని నాకు అప్పుడు అర్థమైంది.

ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవిలో రెక్కల్లేని పెద్ద పుల్లపురుగు ఉండేది. 1918లో ఒక ఓడ నుంచి దిగిన ఎలుకలు దాన్ని తుడిచిపెట్టేశాయి. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 2001లో దగ్గర్లోని బాల్స్ పిరమిడ్ అనే కొండరాతి మీద, ఒక పొద కింద కొన్ని బతికే కనిపించాయి. వెతికినవాళ్ళు ఉన్నారు కాబట్టే దొరికాయి.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి ఇటుక ఎత్తితే ఒక్క నిమిషం చూడండి. నోట్‌బుక్కులో బొమ్మ గీసుకోండి. తర్వాత ఇటుకను మళ్ళీ అక్కడే పెట్టేయండి.

- మీ అన్న, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. జువాలజీ