మీకు తెలుసా? బొటిక్ జాకెట్టు వెనక ఎన్ని చేతులో!

హైదరాబాద్, విజయవాడల్లోనే కాదు, చిన్న పట్టణాల్లోనూ ఇప్పుడు వీధికో బొటిక్ ఉంది. ముందుగదిలో మనకు కనిపించేది కొంచెమే. అసలు పనంతా వెనక, చాలాసార్లు వేరే ఊరివాళ్ల చేతుల్లో సాగుతుంది.

• మగ్గం వర్క్ కుట్టేసిన జాకెట్టు మీద చేయరు. ఆది జాకెట్టు కొలతలతో కటింగ్ మాస్టర్ మెడ, వీపు, చేతులు గుడ్డ మీద గీసిస్తారు. కత్తిరించకుండానే దాన్ని మగ్గం అనే చెక్క చట్రానికి బిగిస్తారు. ట్రేసింగ్ కాగితం మీద డిజైను గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని పైన అద్దితే చుక్కలు గుడ్డ మీదికి దిగుతాయి. కిరోసిన్ ఆవిరైపోతుంది, గుర్తులు నిలుస్తాయి. ఆపైన కొక్కెం సూదితో పూసలు, జర్దోసీ. అదంతా అయ్యాకే కత్తెర పడుతుంది.

• పూస మీద పడితే మిషన్ సూది విరుగుతుంది. అందుకని కుట్టు వచ్చేచోట పూసలు వదిలేసి, జాకెట్టు తయారయ్యాక చేత్తో కుట్టి కలుపుతారు. భుజం దగ్గర డిజైను ఎక్కడా తెగకుండా కనిపిస్తే ఆ చేతికి దండం పెట్టాలి.

• చాలా బొటిక్‌లకు సొంత మగ్గం ఉండదు. వర్క్ షెడ్లకు పంపుతారు. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కారీగర్లు. చీర కుచ్చులు, ఫాల్ వంటివి ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు చీరకింత అని కూలి తీసుకుని చేసిపెడతారు.

• చీరకు సరిపోయే రంగు దొరక్కపోతే తెల్లగుడ్డకు డై వేయిస్తారు. నూలు, పట్టు ఆ రంగు పట్టుకుంటాయి. పాలిస్టర్ మామూలు రంగులను పట్టుకోదు.

• లైనింగ్ గుడ్డను ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లేదంటే మొదటి ఉతుకుకే లైనింగ్ కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది.

• లండన్ కింగ్స్ రోడ్‌లో ఫ్యాషన్ డిజైనర్ మేరీ క్వాంట్ 1955లో ‘బజార్’ అనే చిన్న దుకాణం తెరిచారు. పగలు అమ్మిన డబ్బుతో గుడ్డ కొని, రాత్రికి రాత్రి కుట్టించి, మర్నాడు అమ్మకానికి పెట్టేవారు. కస్టమర్ ఇచ్చిన అడ్వాన్సుతో లైనింగ్, జరీ కొనుక్కునే మన బొటిక్‌లదీ దాదాపు అదే బతుకు. కుట్టించుకుని నెలల తరబడి తీసుకెళ్లని ఒక్క జాకెట్టు ఎంత బరువో దీన్నిబట్టి తెలుస్తుంది.

• మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు, ఆర్డర్లూ పలచబడతాయి. ఆషాఢం తగ్గింపు ధరల్లో కొన్న చీరలన్నీ శ్రావణం ముంగిట ఒక్కసారిగా వచ్చి పడతాయి. అప్పుడు కారీగర్లు రాత్రుళ్లు కూడా మగ్గం ముందు కూర్చోవాల్సి వస్తుంది. ఆలస్యానికి బొటిక్‌ను తిట్టుకునేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వరలక్ష్మీ వ్రతానికి వర్క్ జాకెట్టు కావాలంటే ఆషాఢం మొదట్లోనే గుడ్డ ఇచ్చేయండి. బేరమాడాలనిపిస్తే డిజైను తగ్గించమనండి, కూలి తగ్గించమనకండి.