పెరటి తోట: జాగా తక్కువైతే పాదును పైకి పాకించండి

పెరటి తోట విత్తనాలు అందుకున్న పొదుపు సంఘం అక్కచెల్లెళ్ల కోసం

బీర, సొర, కాకర విత్తనాలు ఇంటికి వచ్చాయి. కానీ "మాకు జాగా ఎక్కడుంది?" అని పక్కన పెట్టేశారా? నేల మీద పారనిస్తే ఒక్క సొర పాదే పెరడంతా కమ్మేస్తుంది. అదే పాదుకు నిలువు పందిరి కడితే కింద రెండడుగుల జాగా చాలు. కాయ మట్టికి తగలదు కాబట్టి కుళ్లదు. బీర, పొట్ల కాయలు వేలాడుతూ తిన్నగా సాగుతాయి.

పెద్దవాళ్లు రోజుకు ఆకుకూరలతో కలిపి సుమారు 400 గ్రాముల కూరగాయలు తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రోజూ అంత కొనాలంటే కష్టమే. నాలుగు పాదులుంటే ఆ ఖర్చు కొంత తగ్గుతుంది.

ఎప్పుడు వేయాలి?
తొలకరిలో జూన్–జూలై నెలల్లో, మళ్లీ జనవరి–ఫిబ్రవరిలో. కాకర గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి వేయండి. దొండకు విత్తనం వద్దు, ముదురు తీగ ముక్క నాటితే చాలు.

పందిరి ఎలా కట్టాలి?
1. రోజుకు కనీసం 6 గంటలు ఎండ పడే చోటు చూడండి. వీలైతే పెరటికి ఉత్తరం వైపు కట్టండి, ఆకుకూరల మడి మీద నీడ తక్కువ పడుతుంది.
2. ఎనిమిదడుగుల వెదురు గుంజలు రెండు తీసుకుని, ఒక్కోటి రెండడుగుల లోతు పాతండి. పైన ఒకటి, కింద ఒకటి అడ్డకర్రలు కట్టి, వాటి మధ్య జానెడు ఎడంతో పురికొస లాగండి. పాత వల ఉన్నా పనికొస్తుంది.
3. గింజ వేయకముందే పందిరి కట్టాలి. తర్వాత గుంజ పాతితే వేళ్లు తెగుతాయి.
4. అడుగున్నర గుంతలో మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల ఘన జీవామృతం కలిపి మూడు గింజలు వేయండి. మొలిచాక బలమైనవి ఒకటి రెండు ఉంచండి. మట్టి నేల లేకపోతే అడుగున చిల్లులు పెట్టిన 20 లీటర్ల డబ్బాలో ఒక్క మొక్క పెంచుకోవచ్చు.
5. సొర తీగ పందిరి పైకి చేరాక కొన తుంచండి. పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటికే పూస్తాయి.

జాగ్రత్త: కరెంటు స్తంభానికి గానీ, దాని స్టే వైరుకు గానీ తీగ పాకించొద్దు, తాడు కట్టొద్దు. వానాకాలంలో షాక్ కొట్టి ప్రాణం మీదికి వస్తుంది.

పూలు రాలిపోతున్నాయా?
కంగారు పడకండి. ముందుగా వచ్చేవి మగపూలు, అవి రాలడం మామూలే. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. ఆ పిందెలు కూడా పసుపెక్కి రాలుతుంటే తేనెటీగలు, పురుగులు చాలినన్ని రావడం లేదేమో చూడండి. మగపువ్వు కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. కాకర, గుమ్మడికి ఉదయం పూట, బీర, సొరకు సాయంత్రం పూట ఈ పని చేయాలి. ఆ వేళల్లోనే వాటి పూలు విచ్చుకుంటాయి.

పురుగు, తెగులు వస్తే?
పండు ఈగ కుట్టిన కాయలు వంకర తిరిగి రాలిపోతాయి. వాటిని ఏరి లోతుగా పూడ్చండి, చెత్తలో వేయొద్దు. లేత పిందెలకు కాగితం సంచి తొడగండి. రసం పీల్చే పురుగులకు నీమాస్త్రం కొట్టండి. బూడిద తెగులు కనిపించిందని గంధకం మందు మాత్రం చల్లొద్దు, తీగజాతి ఆకులు మాడిపోతాయి.

కోసేముందు ఇది మరవకండి
సొరకాయ గోరు దిగేంత లేతగా ఉన్నప్పుడే కోయండి. కోశాక చిన్న ముక్క నాలుకకు తాకించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. వండినా ఆ విషం పోదు. చేదు సొరకాయ రసం తాగి చనిపోయినవాళ్లు మన దేశంలో ఉన్నారు. తిన్నాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. కాకర చేదు సహజమే, దానికి భయం లేదు.

గింజ వేసిన రెండు నెలలకల్లా బీరకాయ చేతికొస్తుంది. ఒక మంచి కాయను తీగ మీదే ఎండనిచ్చి, గింజలు దాచుకోండి. హైబ్రిడ్ రకమైతే దాచొద్దు, తల్లి కాయలాంటిది మళ్లీ రాదు. అనుమానం ఏదైనా ఉంటే తెగులు పట్టిన ఆకు తీసుకుని సంఘం సమావేశానికి రండి, లేదా రైతు సేవా కేంద్రంలో చూపించండి.