పట్టీరంపముపై కొయ్యకోత

బయ్యారపు రైతులు తుమ్మదుంగలను కోతమిల్లునకు తెచ్చి, నాగలికిని బండికిని వలయు ముక్కలు కోయించుకొనుట కలదు. దుంగ రెండవ కొన పట్టువాడు తరచుగా రైతే. కావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మిల్లువారు బ్యాండుసా యనెడు ఈ రంపమునకు 1808లో ఇంగ్లండునందు విలియం న్యూబెరి పేటెంటు పొందెను. పట్టీ రెండు చక్రములపై తిరుగును. పళ్లు క్రిందికి కోయుటచే కొయ్య బల్లకు అదుముకొనును. చక్రపురంపమువలె ముక్కను మనిషిపైకి విసరదు. ఈ నెమ్మదిని చూచియే పలువురు ఏమరుదురు. మేడి పట్టు చేతికి వ్రేళ్లు పోయినచో ఇంటి సేద్యమే కుంటుపడును.

ముందుగా, పట్టీని నిలువరించు పై ఆనికను కొయ్యకు వ్రేలెడెత్తువరకు దింపవలెను. పంచెచెంగు దోపుకొనవలెను, కండువా, చేతితొడుగు కూడవు.

నిలువుకోతలో పట్టీ ఒకప్రక్కకు లాగుట కలదు. గీతను చూచి కొయ్యను కొంచెము త్రిప్పవలెనే గాని బలముతో నెట్టరాదు. పనివానిని తొందరపెట్టు రైతులను మేము పలుమార్లు చూచితిమి. కోత వంకరపోయిన పిదప వారే వానిని నిందింతురు. చివరి జానెడు కర్రతో త్రోయవలెను.

అడ్డకోతలో గుండ్రని దుంగ మిక్కిలి అపాయకరము. పళ్లు పట్టగనే దొర్లి చేతిని లోనికి లాగును. రెండు పలకలను గాడివలె కూర్చి, అందు బిగించియే కోయవలెను.

బండిచక్రపు అంచుముక్కలవంటి వంపులకు సన్నని పట్టీ వలయును. మొదట కొయ్య అంచునుండి గీతవరకు పొట్టికోతలు వేసినచో వృథాకొయ్య రాలి, పట్టీ తిరుగుటకు చోటు కలుగును. నడుమ ఇరుకుకొన్నచో కొయ్యను వెనుకకు లాగరాదు; పట్టీ చక్రములనుండి జారును. యంత్రము ఆపి, చక్రములు పూర్తిగ నిలిచిన పిదపనే తీయవలెను. మీట నొక్కిన తరువాతను అవి కొంతసేపు చప్పుడు లేక తిరుగుచునే యుండును.