కంప్యూటర్ దేనికోసం ఎదురుచూస్తోంది?

డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కి, నాలుగైదుసార్లు 'రిఫ్రెష్' కొడితే గానీ పని మొదలుపెట్టని వాళ్లు మన ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ కోకొల్లలు. అలా చేస్తే మెమరీ ఖాళీ అవుతుందని, కంప్యూటర్ చురుకెక్కుతుందని ఇంటర్నెట్ సెంటర్ల కాలం నుంచీ ఒక నమ్మకం. నిజానికి ఆ ఆదేశం చేసే పని ఐకాన్లను మరోసారి గీయడమే. 'ప్రీఫెచ్' ఫోల్డర్‌ను ఖాళీ చేసే అలవాటు వల్లనైతే నష్టం కూడా ఉంది. ఏ ప్రోగ్రామ్‌ తెరవడానికి ఏయే ఫైళ్లు కావాలో విండోస్ అందులో రాసిపెట్టుకుంటుంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. ఆ చిట్టా చెరిపేస్తే ప్రోగ్రామ్ మరుసటిసారి ఇంకాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది.

కంప్యూటర్ మందగించగానే ప్రాసెసర్ ముసలిదైపోయిందనుకుంటారు చాలామంది. చిప్‌కు అలా వయసు మీదపడదు. కొన్న రోజున సెకనుకు ఎన్ని లెక్కలు చేసిందో, చల్లగా ఉన్నంతవరకు ఇవాళా అన్నే చేయగలదు. చాలా సందర్భాల్లో అది పనిలేక కూర్చుని, రావాల్సిన సమాచారం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఆ నిరీక్షణ ఎంతటిదో అంకెల్లో చూడాలి. ర్యామ్ నుంచి సమాచారం అందడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి 0.1 మిల్లీసెకను. తిరిగే హార్డ్‌డిస్క్ నుంచైతే దాదాపు 15 మిల్లీసెకన్లు. ర్యామ్ ఒక సెకనులో జవాబిచ్చిందనుకుంటే, అదే లెక్కన ఎస్‌ఎస్‌డీ 17 నిమిషాలు తీసుకుంటుంది, హార్డ్‌డిస్క్ 40 గంటలు దాటిస్తుంది.

అందుకే బాగుచేయడానికి ముందు, అడ్డు ఎక్కడుందో కనిపెట్టాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలోనే దాన్ని తెరిచి సీపీయూ, మెమరీ, డిస్క్ అంకెలు చూడాలి. సీపీయూ 10 శాతం దగ్గర ఉండి, డిస్క్ 100 శాతానికి అంటుకుపోయి ఉంటే ప్రాసెసర్‌ను తప్పుపట్టడానికేమీ లేదు. మెమరీ 90 శాతం దాటితే సమస్య ర్యామ్‌ది.

ర్యామ్ చాలనప్పుడు విండోస్ అప్పటికి అవసరం లేని భాగాలను డిస్క్ మీదికి పంపి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. వర్చువల్ మెమరీ అనే ఈ ఉపాయాన్ని ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1962లో పనిలోకి దిగిన అట్లాస్ కంప్యూటర్ అమలు చేసి చూపింది. మోతాదులో ఉన్నంతవరకు ఇది గొప్ప సదుపాయం. మితిమీరితే మాత్రం అసలు పని ఆగిపోయి, తేవడానికీ పంపడానికే సమయమంతా సరిపోతుంది. ఈ స్థితికి 'థ్రాషింగ్' అని పేరు. అమెరికన్ శాస్త్రవేత్త పీటర్ డెనింగ్ దాని కారణాలనూ నివారణనూ 1968లోనే వివరించాడు. నేటికీ 4 జీబీ ర్యామ్ ఉన్న ఇంటి కంప్యూటర్‌లో జరిగేది అదే. విండోసే అందులో సగం తీసుకుంటుంది. క్రోమ్ వంటి బ్రౌజర్లు భద్రత కోసం ట్యాబ్‌లను విడివిడి ప్రక్రియలుగా నడుపుతాయి కాబట్టి, ఇరవై ట్యాబ్‌లు తెరిస్తే మిగతా సగమూ చెల్లు. ట్యాబ్‌లు తగ్గించడం, క్రోమ్‌లో మెమరీ సేవర్‌ను, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్‌ను ఆన్ చేయడం ఖర్చులేని వైద్యం. ర్యామ్‌ను 8 జీబీకి పెంచితే తేడా వెంటనే తెలుస్తుంది. కొనేముందు డీడీఆర్3నా, డీడీఆర్4నా అని చూసుకోవాలి. ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, దాన్ని పెంచే వీలుండదు.

హార్డ్‌డిస్క్ సంగతి వేరు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు పూర్తిచేయడానికి 11 మిల్లీసెకన్లు కావాలి. చదివే ముల్లు సరైన వరుసకు చేరడానికి ఇంకొంత సమయం. ఫైళ్లు చెల్లాచెదురుగా ఉంటే సెకనుకు అరవై డెబ్బై చోట్లకు మించి చదవలేదు. ముక్కలైన ఫైళ్లను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్ ఇలాంటి డిస్కులకే. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి దానికి ఆ చాకిరీ అక్కర్లేదు, పైగా చేస్తే రాతలు పెరిగి ఆయుష్షు తగ్గుతుంది. విండోస్‌లోని 'ఆప్టిమైజ్ డ్రైవ్స్' ఏ డిస్కు ఏ రకమో గుర్తించి తగినట్టు నడుచుకుంటుంది. ఎస్‌ఎస్‌డీకి మరో లక్షణముంది: రాసేటప్పుడు చిన్న పేజీలుగా రాస్తుంది, చెరిపేటప్పుడు పెద్ద బ్లాకులుగానే చెరుపుతుంది. నిండిపోతే ఖాళీ బ్లాకు కోసం లోపల సర్దుకోవాల్సి వచ్చి మందగిస్తుంది. 15 నుంచి 20 శాతం చోటు ఎప్పుడూ వదిలిపెట్టడం మంచిది. పాత తాత్కాలిక ఫైళ్లను ఎప్పటికప్పుడు తీసేసే పనికి స్టోరేజ్ సెన్స్ చాలు. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్లను మైక్రోసాఫ్ట్ సమర్థించదు.

ఆన్ చేయగానే తెరుచుకునే ప్రోగ్రాముల జాబితా టాస్క్ మేనేజర్‌లోనే ఉంటుంది. మీటింగ్ యాప్, గేమ్ లాంచర్, ప్రింటర్ సహాయకుడు వంటివాటిని అక్కడ డిసేబుల్ చేస్తే తొలగిపోవు, పిలిచినప్పుడే వస్తాయి. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసేయాలి. ఇంకో విషయం చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల 'షట్ డౌన్' చేసినా వ్యవస్థలోని కీలక భాగం డిస్కులో భద్రపడి, మర్నాడు అదే తిరిగొస్తుంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే 'రీస్టార్ట్' నొక్కాలి.

ఇక వేడి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా ప్రాసెసర్‌ను గదిలోని గాలి కంటే చల్లబరచలేదు. గది 25 డిగ్రీల నుంచి 40కి చేరితే చిప్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 100 డిగ్రీల దరిదాపుల్లో చాలా ప్రాసెసర్లు తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే ఆ స్థితి ఇంకా ముందే వస్తుంది. కరెంటు తీసేసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయర్‌తో దుమ్ము ఊదేయాలి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే గాలి దారులు మూసుకుపోతాయి.

ఇవన్నీ చేసినా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే, హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించడమే అసలైన మందు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఇది నిత్యం జరిగే పని. అయితే ముందుగా ఫొటోలు, పత్రాలు వేరే చోటికి కాపీ చేసుకోవాలి. ఉన్నట్టుండి నెమ్మదించిన హార్డ్‌డిస్క్ చెడిపోయే దశలో ఉండవచ్చు. 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని తెర మీద వస్తే నమ్మకూడదు. అలాంటి మోసంలో డబ్బు పోయినవారు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 కోసం టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అర్హత లేని యంత్రాలకు లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలున్నాయి. డిస్కులో ఏదీ మార్చకుండా పెన్‌డ్రైవ్ నుంచే వాటిని నడిపి, వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూశాకే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.